ఏ చలికి ఏ ఉన్ని

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మా తాడ్వాయి గురుకులంలో చదివిన పిల్ల. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. పదహారు నిండనివాళ్లను నేపాల్ ఎక్కనివ్వదు కాబట్టి టిబెట్ వైపు నుంచి పోయింది. అంతకుముందే భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్చుకుంది, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో చలి చూసింది. ఆ వార్త వచ్చినప్పుడు నిజాంసాగర్ దిక్కు బడిపిల్లలు నన్ను అడిగింది ఒక్కటే: ‘ఏం తొడుక్కుని పోయింది సార్?’ పీఈటీ సారును గదా, చెప్పాలి. ఈకలు నింపిన కోటు, బూట్ల కింద కట్టుకునే ఇనుప పళ్లు, ప్రాణవాయువు సిలిండరు. చెబుతున్నంతసేపూ నాకు మా తాత సామానే యాదికొచ్చింది.

మేం కురుమలం, గొర్రెల కాపరులం. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ పారిన చోట బీళ్లు వరిమళ్లయినయి, చెరకు తోటలయినయి. 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కూడా వచ్చింది. రైతుకు పండగే గానీ మందకు మేత దూరమైంది. తాత మందను తోలుకుని నెలల తరబడి నడిచేవాడు. భుజాన గొంగడి, సొరకాయ బుర్రలో నీళ్లు, సద్దిమూట. అంతకు మించి మోసేవాడు కాదు.

గొంగడి ఊరికే కప్పుకునే గుడ్డ కాదు. నల్ల దక్కనీ గొర్రెల ఉన్ని కత్తిరిస్తే ఆడవాళ్లు వడికేవాళ్లు. చింతగింజలు నూరి ఉడికించిన గంజిని పడుగుకు పట్టించి, ఆరినంక గుంట మగ్గం మీద నేసేవాళ్లు. అందుకే కొత్త గొంగడి బిర్రుగా ఉంటుంది. తల మీదుగా కొప్పెర వేసుకుంటే వాన చాలాసేపు పైపైనే జారిపోతుంది. నానితే మాత్రం బరువెక్కుతుంది, ఆ మాట దాచను. అయినా తడి ఉన్ని కొంత వెచ్చదనం నిలుపుతుంది. ఈకల కోటు తడిస్తే ముద్దయిపోతుంది, వేడి పట్టదు. ఎవరెస్టు చలి పొడి చలి, అక్కడ తేలికైన ఈకలదే రాజ్యం. మంజీర ఒడ్డున ఆషాఢపు ముసురులో ఈకల కోటు ఎందుకు పనికొస్తుంది?

ఇప్పుడు మందల్లో ఉన్ని లేని ఎర్రగొర్రెలే ఎక్కువ. మాంసం తూగుతుంది, కత్తిరించే పని లేదు. కాపరిని తప్పు పట్టలేను. మగ్గం గుంటలు మాత్రం పూడిపోయినయి.

తాత చెప్పుల సంగతి వేరే. తంగేడు చెక్కతో ఊరబెట్టిన తోలుతో మాదిగ పెద్దమనిషి కుట్టిచ్చేవాడు. తాత పాదం కొలత పొద్దున ఇచ్చేవాడు కాదు. మంద వెంట తిరిగి కాళ్లు ఉబ్బినంక, పొద్దుగూకేటప్పుడు పోయి ఇచ్చేవాడు. కుట్టిన చెప్పులకు ఆముదం రాసి, చేను దాకా, చెరువు దాకా తొడిగి, తోలు మెత్తబడ్డాకనే దూర ప్రయాణానికి తీసేవాడు. పరుగు పందేలకు మా బడిపిల్లలు బూట్లు కొనాలంటే ఇప్పటికీ సాయంత్రమే కామారెడ్డికి పంపుతాను. పందెం రోజున కొత్త బూట్లతో వస్తే పరుగెత్తనివ్వను.