తపతి ఒడ్డున యోబు ప్రశ్న

దేవుడు మంచివాడైతే, సర్వశక్తిమంతుడైతే లోకంలో ఇంత బాధ ఎందుకన్న ప్రశ్న క్రైస్తవానికి కొత్త కాదు. యోబు గ్రంథమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. బిడ్డలు పోయి, ఆస్తి పోయి, ఒళ్ళంతా పుండ్లై బూడిదలో కూర్చున్న యోబుతో స్నేహితులు, నువ్వేదో పాపం చేసి ఉంటావని వాదిస్తారు. గ్రంథం చివర దేవుడు కోప్పడేది ఆ స్నేహితుల మీదే. సువార్తల్లోనూ అంతే. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే యేసు ఆ లెక్కే ఒప్పుకోడు. సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది మిగతావాళ్ళకన్నా పాపులేమీ కారంటాడు. అయినా కష్టమంటే శిక్షేనన్న నమ్మకం క్రైస్తవ దేశాల్లో బలంగానే నిలిచింది. యూరప్‌లో ఈ చర్చను 1710లో వెలువడిన జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్ గ్రంథంతోనో, 1755 నవంబర్ 1న లిస్బన్‌ను కూల్చిన భూకంపంతోనో మొదలుపెట్టడం పరిపాటి. లిస్బన్ భూకంపానికి నూరేళ్ళకు పైగా ముందే, గుజరాత్‌లో తపతి నది ఒడ్డున ఉన్న సూరత్ రేవులో కాపురమున్న క్రైస్తవులు ఆ ప్రశ్నను కళ్ళారా చూశారు.

1630లో గుజరాత్‌లో వానలు పడలేదు. మరుసటి ఏడు ఎలుకలు, మిడతలు పంట మీద పడ్డాయి. మిగిలిన కాస్తా అతివృష్టికి కొట్టుకుపోయింది, ఆ వెనకే జ్వరాలు లేచాయి. విక్రమ శకం 1687లో వచ్చింది కాబట్టి గుజరాతీలు దాన్ని సత్యాశియో కరువంటారు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి పీటర్ మండీ 1630 నవంబరులో సూరత్ నుంచి ఆగ్రాకు బిడారుతో బయల్దేరి, దారిలో చూసింది చూసినట్టు రాసుకున్నాడు. ఊళ్ళలో శవాలను కాళ్ళు పట్టి ఈడ్చుకొచ్చి, ఊరి వాకిలి దాటగానే వదిలేస్తున్నారు. వాటితోనే సగం దారి మూసుకుపోయింది. నందుర్‌బార్ దగ్గర గుడారం వేసుకుందామంటే శవం లేని చోటు దొరకడమే కష్టమైంది. బతికున్నవాళ్ళు పెంటకుప్పలు గీకి, పశువుల పేడలో అరగని గింజలు ఏరుకుంటున్నారు. గుజరాత్‌లో 30 లక్షల మంది పోయారని ఆనాటి డచ్చివాళ్ళు అంచనా కట్టారు. షాజహాన్ బుర్హాన్‌పూర్, అహ్మదాబాద్, సూరత్‌లలో గంజి కేంద్రాలు తెరిపించాడు. వచ్చిన ఆపదకు అవి ఏ మూలకూ చాలలేదు.

ఆ కాలపు క్రైస్తవులు కరువును, తెగులును, యుద్ధాన్ని దేవుని చేతి దండాలుగానే ఎంచేవారు. కానీ సూరత్‌లో ఆ దండం ఎవరినీ ఏరి కొట్టలేదు. 1631లో కంపెనీ ప్రెసిడెంట్ థామస్ రాస్టెల్ కూడా చనిపోయాడు, ఆయన కింద పనిచేసిన ఇంగ్లీషువాళ్ళలో పలువురు పోయారు. కతార్‌గాం దర్వాజా వైపున్న ఇంగ్లీషు శ్మశానం తరువాతి దశాబ్దాల్లో సమాధులతో నిండుతూ వచ్చింది. 1659లో పోయిన క్రిస్టఫర్ ఆక్సెండెన్‌కు, 1669లో పోయిన అతని అన్న సర్ జార్జ్‌కు కట్టినది రెండంతస్తుల గుమ్మటం, చూడ్డానికి ముస్లిం నవాబుల గోరీలాగే ఉంటుంది. డచ్చివారి శ్మశానంలో అంతకన్నా ఆడంబరంగా ఉన్నది మలబారు మొక్కల మీద మహాగ్రంథం వెలువరించిన వాన్ రీడ్‌ది. ఆయన 1691లో పోయాడు.

మరో రకం జవాబు కూడా ఆ రోజుల్లోనే ఈ ఊళ్ళో కనబడింది. 1664 జనవరిలో శివాజీ సూరత్‌ను దోచుకున్నప్పుడు కపూచిన్ సన్యాసుల మఠం జోలికి పోలేదని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే రాశాడు. అక్కడి పాదిరి ఆంబ్రోజ్‌ను ఊరంతా గౌరవించేది. చనిపోయిన ఒక హిందూ దళారి ఇంటిని కూడా, బతికున్నన్నాళ్ళూ దానధర్మాలు చేసిన మనిషిదని శివాజీ విడిచిపెట్టాడట. ఆంబ్రోజ్ పెద్దరికం వాదాలతో వచ్చింది కాదు. జనం తగవులు తీరుస్తూ, వాళ్ళ మధ్యనే బతికి సంపాదించుకున్నది. తరువాతి రెండు శతాబ్దాల్లో ఇదే దారి అసలైన జవాబుగా ఎదిగింది.

శిక్షావాదం ఎక్కడ తడబడుతుందో జాన్ ఓవింగ్టన్ పుస్తకంలో తెలుస్తుంది. 1689లో వచ్చిన ఈ పాదిరి సూరత్ కంపెనీ కోఠీలో పనిచేసి, 1696లో తన యాత్రాగ్రంథం అచ్చువేశాడు. ముందు ఆయన ఓడ బొంబాయిలో ఆగింది. వానాకాలం ముగిసేలోగా తనతో వచ్చిన 24 మంది ప్రయాణికుల్లో 20 మందిని పాతిపెట్టారు. అక్కడి ఇంగ్లీషువాళ్ళ దుర్నడత కూడా ఆ చావులకు కారణమేనని ఓవింగ్టన్ రాశాడు. సూరత్‌లో కొన్నేళ్ళుగా ప్లేగు ఊరిని పీడిస్తోంది, అది యూరోపియన్లను పెద్దగా తాకలేదు. దాన్ని ఆయన దేవుని దయగా చెప్పుకున్నాడు. బొంబాయిలో పోయినవాళ్ళూ, సూరత్‌లో బతికినవాళ్ళూ ఒకే కంపెనీ మనుషులు, ఒకే రకం జీవితం గడిపినవాళ్ళు. చచ్చిన చోట పాపం, బతికిన చోట కృప అని లెక్క రాసుకుంటే ఆ లెక్క ఎప్పటికీ తప్పదు, కాబట్టే అది దేన్నీ వివరించదు. యోబు స్నేహితులు చేసింది సరిగ్గా ఇదే.

1815లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీ సూరత్‌లో దిగారు. స్కిన్నర్ 1821లోనే చనిపోయాడు. ఫైవీ నిలబడి, బడులు నడిపి, గుజరాతీ బైబిలును అచ్చుకెక్కించాడు. వాళ్ళు నమ్ముకున్న ఊరే 1837లో కూలబడింది. ఆ ఏప్రిల్‌లో లేచిన మంటలు మూడు రోజులు ఊరి నడిబొడ్డును తగలబెట్టాయి. 9,373 ఇళ్ళు బూడిదయ్యాయి, 46 లక్షల రూపాయలకు పైగా ఆస్తి పోయింది. అదే ఏడు వానాకాలం చివర తపతి అంతకుముందెన్నడూ లేనంతగా పొంగి, మరో 27 లక్షల నష్టం తెచ్చింది. కలిగినవాళ్ళు బొంబాయికి తరలిపోయారు. ఒకప్పుడు దేశంలోని మహానగరాల్లో ఒకటైన సూరత్‌లో 1847 నాటికి 80 వేల మందే మిగిలారు.

ఆ చితికిన ఊరిలో మిషన్‌ను 1846 ప్రాంతంలో ఐర్లండ్ ప్రెస్బిటేరియన్లు అందుకున్నారు. సరిగ్గా అప్పుడే వాళ్ళ సొంత దేశంలో బంగాళాదుంప పంట తెగులుకు కుళ్ళి లక్షల మంది ఆకలితో చస్తున్నారు. అక్కడి కరువు సహాయాన్ని పర్యవేక్షించిన బ్రిటిష్ అధికారి చార్లెస్ ట్రెవెల్యన్ ఆ విపత్తును దైవసంకల్పంగానే వ్యాఖ్యానించాడు. ఆకలితో చచ్చేవాడి పక్కన నిలబడి ఆ మాట అనడం ఎవరి వల్లా కాదు. పాలకుడి బల్ల దగ్గర మాత్రం అది చాలాకాలం చెల్లుబాటైంది.

గుజరాతీ క్రైస్తవుల చేతికి యోబు గ్రంథాన్ని, విలాప కీర్తనలను చదవదగ్గ భాషలో అందించినవాడు జోసెఫ్ వాన్ సోమరెన్ టేలర్. 1820లో బళ్ళారిలో, అక్కడి మిషనరీ ఇంట పుట్టాడు. గుజరాతీ వ్యాకరణం రాశాడు, ఆరాధనకు గుజరాతీ పాటలు కట్టాడు, 1860ల మొదట్లో వచ్చిన బైబిలు సవరణలో ప్రధాన హస్తం ఆయనదే. బైబిలు కీర్తనల్లో దేవుణ్ణి నిలదీసేవి, నువ్వెందుకు మొహం చాటేశావని అడిగేవి చాలా ఉన్నాయి. నష్టాన్ని నోరు మూసుకుని భరించనక్కర్లేదనీ, ఫిర్యాదు కూడా ప్రార్థనేననీ చెప్పే ఈ పాఠం శిక్షావాదం కన్నా కొత్తదేమీ కాదు.

విక్రమ శకం 1956, అంటే 1899-1900లో వచ్చిన ఛప్పనియో కరువు గుజరాత్ మిషన్ల స్వరూపాన్నే మార్చింది. అప్పట్లో సూరత్ జిల్లాలో ఉన్న వల్సాడ్‌లో అమెరికా బ్రెదరెన్ సంఘం తరఫున విల్బర్ స్టోవర్ 1895 నుంచి పనిచేస్తున్నాడు. అక్కడా, ఐరిష్ కేంద్రాల్లోనూ కరువు బిడ్డలకు అనాథాశ్రమాలు వెలిశాయి. తిండి పెట్టి మతం ఇస్తున్నారన్న విమర్శ వెంటనే వచ్చింది, అది కొట్టిపారేయదగ్గది కాదు. తెలుగునాట ఈ చిక్కును ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ముందే ఎదుర్కొన్నాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. కూలి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తెరిపి ఇచ్చాక, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. సాయాన్నీ బోధనూ వేరుగా ఉంచాలన్న ఆ పట్టుదల మెచ్చుకోదగ్గది.

ఛప్పనియో కరువు తరువాతి పదేళ్ళలో మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఎ. జి. హాగ్ కర్మసిద్ధాంతంతో తూచి చూసి ఈ ప్రశ్నను ఎత్తుకున్నాడు. 1909లో పుస్తకంగా వచ్చిన ఆయన వాదం ప్రకారం ప్రతి బాధనూ వెనకటి తప్పుకు జమకట్టే పద్ధతి క్రైస్తవానికి సరిపడదు. ఇతరుల పాపభారాన్ని నిర్దోషి మోయడమే సిలువ కథ. 1972లో జర్మన్ వేదాంతి యుర్గెన్ మోల్ట్‌మన్ ఒక అడుగు ముందుకేసి, ఆ సిలువ మీద దేవుడే బాధపడ్డాడన్నాడు. బాధపడలేని దేవుడికి ప్రేమించడమూ చేతకాదన్నది ఆయన మాటల సారం.

1994 సెప్టెంబరులో, వరద తీసిన వెంటనే సూరత్‌లో ప్లేగు మళ్ళీ కనబడింది. దేశమంతటా కలిపి 56 మరణాలు లెక్కకొచ్చాయి. లక్షల మంది రైళ్ళెక్కి పారిపోయారు. మరమగ్గాల మీద బతికే తెలంగాణ పద్మశాలీ కుటుంబాలు కూడా ఉన్న ఊరది. ఓవింగ్టన్ లాగా ఈసారి దేవుని దయాకోపాలను లెక్కగట్టవలసిన పని పడలేదు. వేళ్ళన్నీ కుళ్ళిన చెత్త, పూడిన మురుగుకాలువల వైపే చూపించాయి. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు వీధులు ఊడిపించి, అక్రమ కట్టడాలు కూల్పించి, అధికారులను రోజూ వార్డుల్లో తిప్పి ఊరి రూపు మార్చాడు. 2006 ఆగస్టులో తపతి పొంగి ఊరిని ముంచినప్పుడు వాదన ఉకాయ్ ఆనకట్ట నుంచి నీళ్ళు ఎప్పుడు వదలాలన్న దాని మీద నడిచింది.

క్రైస్తవ వేదాంతం మనుషులు చేసే కీడును, ప్రకృతి తెచ్చే కీడును విడివిడిగా చూస్తుంది. సూరత్‌లో రెండో పద్దులోంచి చాలా భాగం మొదటి పద్దులోకి మారింది. 1630 కరువును ఇవాళ ధాన్యం రవాణా ఆపగలదు, 1689 ప్లేగును మందు ఆపగలదు. అంతమేరకు దేవుడి మీద మోపిన నేరం మనుషుల మీదికి వచ్చింది. ఎవరి తప్పూ లేకుండా జబ్బుపడి పోయిన పసిబిడ్డ తల్లికి మాత్రం ఈ మార్పు వల్ల ఒరిగేదేమీ లేదు. ఆమె దగ్గర ఉన్నది ఇప్పటికీ యోబు అడిగిన ప్రశ్నే, ఆ గ్రంథంలో దేవుడు యోబుతో సుదీర్ఘంగా మాట్లాడతాడు గానీ అతని కష్టానికి కారణం మాత్రం చెప్పడు.