పేపర్ కుర్రాడి సైకిలు, మోటార్‌సైకిల్ బ్రేకు

1975 ప్రాంతంలో కాలిఫోర్నియాలో గ్యారీ ఫిషర్ అనే పాతికేళ్ల కుర్రాడు తొక్కిన సైకిల్లో ఒక్క సామానూ ఆ సైకిలు కోసం చేసింది కాదు. ఫ్రేము 1930ల నాటిది. షికాగోలోని ష్విన్ కంపెనీ బడిపిల్లల కోసం, ఇంటింటికీ పేపర్లు వేసే కుర్రాళ్ల కోసం తయారుచేసింది. వెనక చక్రంలోని డ్రమ్ము బ్రేకు ఇద్దరు కలిసి తొక్కే టాండెమ్ సైకిలుది. హ్యాండిల్ మీది బ్రేకు లివర్లు మోటార్‌సైకిలువి. గేర్లు మార్చే బొటనవేలి మీట, పెడల్ క్రాంకులు తలా ఒక చోటి నుంచి వచ్చాయి. ఇవన్నీ కలిపి బిగించిన బండి ఇరవై కిలోల పైమాటే. దాని మీద కొండ దిగడమే కాదు, కొండ ఎక్కడం కూడా కుదిరింది. ఈ రోజు మౌంటెన్ బైక్ అని ఏ దుకాణంలో చూపించినా, దాని వంశవృక్షం ఇలాంటి బండ్ల దగ్గరే మొదలవుతుంది.

మన ఊళ్లలో సైకిల్ షాపు మేస్త్రీలకు ఇందులో వింతేం కనిపించకపోవచ్చు. అట్లాస్ ఫ్రేముకు హీరో ఫోర్కు తగిలించి, ఎవరిదో పాత మడ్‌గార్డు బిగించి పంపడం వాళ్లకు రోజువారీ పని. కానీ మన నల్ల సైకిళ్లన్నీ దాదాపు ఒకే బ్రిటిష్ నమూనా మీద నడిచినవి. ఒక కంపెనీ సామాను ఇంకో కంపెనీ బండికి చాలావరకు అతుకుతుంది. ఫిషర్ ముందేసుకున్నవి వేరు వేరు దేశాల, వేరు వేరు కాలాల సామాన్లు. వాటి కొలతలే కలవవు.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరానికి పోతే మారిన్ కౌంటీ వస్తుంది. అందులో రెండున్నర వేల అడుగుల పైచిలుకు ఎత్తున్న టామల్‌పయస్ కొండ. చుట్టూ అగ్నిమాపక బండ్ల కోసం వేసిన మట్టిదారులు. 1970ల మొదట్లో లార్క్‌స్పర్ అనే ఊరి కుర్రాళ్లు తుక్కు సైకిళ్లు నెట్టుకుంటూ ఆ కొండ ఎక్కి, వాటి మీదే దిగుతుండేవాళ్లు. అక్కడి సైకిల్ క్లబ్బు వెలో క్లబ్ టామల్‌పయస్ సభ్యులకు ఈ సరదా అంటుకుంది. వీళ్లు సన్నటి టైర్ల రేసు సైకిళ్లు తొక్కే రకం. జో బ్రీజ్, చార్లీ కెల్లీ, ఫిషర్ అందరూ అక్కడివాళ్లే. కెల్లీ ఒక రాక్ సంగీత బృందానికి సామాన్లు మోసే పని చేసేవాడు. ఫిషర్‌ని అంతకు కొన్నేళ్ల ముందు, 1968లో, జుట్టు పొడుగ్గా ఉందని రేసుల నుంచి తప్పించారు. బుద్ధిగా రోడ్డు మీద తొక్కే మనుషులు కాదని దీన్ని బట్టే తెలుస్తుంది.

1973లో జో బ్రీజ్ శాంటాక్రూజ్‌లో ఒక పాత సైకిలు 5 డాలర్లకు కొన్నాడు. 1941లో ష్విన్ తయారుచేయగా, బి.ఎఫ్. గుడ్‌రిచ్ పేరుతో అమ్మిన బండి అది. ఇంటికి తెచ్చి మడ్‌గార్డులు, పెట్రోలు ట్యాంకులా కనిపించే ఉత్తుత్తి రేకు డొప్ప వగైరా అన్నీ పీకేశాడు. మిగిలిందే కొండ సైకిలు. క్లంకర్ అనేవాళ్లు దాన్ని.

ఆ పాత ఫ్రేముల్లో ఏముంది? దీనికి నలభై ఏళ్లు వెనక్కి పోవాలి. ఆర్థిక మాంద్యంలో అమెరికా సైకిళ్ల వ్యాపారం కుదేలైపోయింది. అప్పటి సైకిళ్లకు సన్నటి టైర్లు ఉండేవి, రిమ్ముకు జిగురుతో అతికించేవాళ్లు. పిల్లలు ఫుట్‌పాత్ ఎక్కించి దింపేసరికి పంక్చరు. ఫ్రాంక్ ష్విన్ జర్మనీలో లావుపాటి టైర్లు చూసి వచ్చి, 1933లో 26 అంగుళాల చక్రానికి రెండంగుళాలకు పైగా మందమున్న బెలూన్ టైరు వేసి బండి వదిలాడు. దానికి తగ్గట్టు ఫ్రేమూ దిట్టంగా ఉండాలి, పిల్లలు ఎంత మొరటుగా వాడినా విరగకూడదు. ముందు ఫోర్కు బాగా వాలుగా ఉంటుంది, రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ. పేపర్ల సంచీ తగిలించుకుని నింపాదిగా పోవడానికి చేసిన ఏర్పాటు. అదే ఏర్పాటు ముప్పై నలభై ఏళ్ల తర్వాత రాళ్ల మీద వేగంగా దిగేటప్పుడు మనిషి హ్యాండిల్ మీంచి ముందుకు తూలి పడకుండా కాపాడింది. ష్విన్‌లో ఎవరూ దాన్ని ఉద్దేశించలేదు. మారిన్ కుర్రాళ్లకు ముందే తెలిసిందీ లేదు. చేతికందిన పాత బండ్లు రకరకాలుగా తొక్కి చూడగా, ఎక్సెల్సియర్ అనే ష్విన్ ఫ్రేమే అన్నిటికన్నా నిలుస్తుందని తేలింది.

బ్రేకుల సంగతి మాత్రం ఘోరం. ఆ సైకిళ్లకు ఉండేది కోస్టర్ బ్రేకు, అది వెనక హబ్బులోపలే ఉంటుంది. మన సైకిల్లో పెడల్ వెనక్కి తొక్కితే ఫ్రీవీలు టకటకమంటూ ఉత్తినే తిరుగుతుంది. ఇందులో అలా తొక్కగానే లోపలి లోహపు ముక్కలు హబ్బు గోడకు ఒరుసుకుని చక్రాన్ని ఆపుతాయి. చదును వీధికి అది చాలు. ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర ఒక మట్టిదారి సుమారు రెండు మైళ్లలో 1,300 అడుగులు దిగుతుంది. ఆ వాలులో కోస్టర్ బ్రేకు పట్టుకుని దిగితే హబ్బు కాలి, లోపలి గ్రీజు కరిగి, పొగై పోయేది. కిందికి చేరాక ప్రతిసారీ హబ్బు విప్పి కొత్త గ్రీజు కూరాలి, మన భాషలో ఓవరాయిలింగు చేయాలి. అందుకే ఆ దారికి రీప్యాక్, అంటే తిరిగి కూరడం, అని పేరు పడింది. 1976 అక్టోబరు 21న కెల్లీ పూనికతో అక్కడ మొదటి పందెం జరిగింది. ఒకరి తర్వాత ఒకర్ని వదిలి గడియారం చూసే పందెం. అలన్ బాండ్స్ గెలిచాడు, ఆ రోజు పడకుండా దిగింది అతనొక్కడే. తర్వాత కొన్నేళ్లలో అలాంటి పందేలు ఇరవై పైచిలుకు జరిగాయి. ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో దిగింది రికార్డు, బ్రీజ్ దానికి రెండు సెకన్లు వెనక. పందెం ఎవరికీ డబ్బు తెచ్చిపెట్టలేదు గానీ సైకిళ్లకు పరీక్షశాల అయింది. ఎవరి బండిలో ఏది విరిగిందో, ఏది నిలిచిందో ఆ సాయంత్రానికి అందరికీ తెలిసిపోయేది.

గేర్లు ఎవరు ముందు పెట్టారన్నది ఇప్పటికీ తగువే. నా లెక్కలో ఇందులో మారిన్‌వాళ్లకు దక్కాల్సినదానికన్నా ఎక్కువే దక్కింది. 1974 డిసెంబరు 1న మారిన్‌లోనే మిల్ వ్యాలీలో మట్టిదారుల్లో తొక్కే సైక్లోక్రాస్ పందెం ఒకటి జరిగింది. దక్షిణాన క్యూపర్టినో నుంచి ముగ్గురు కుర్రాళ్లు విచిత్రమైన బండ్లతో దిగారు. లావు టైర్ల పాత ఫ్రేములు, వాటికి గేర్లు, డ్రమ్ము బ్రేకులు, మోటార్‌సైకిల్ లివర్లు. ఆపిల్ కంపెనీ ఇంకా పుట్టని రోజులవి. వాళ్ల ముఠా పేరు మారో డర్ట్ క్లబ్. మారో అన్నది ఒక పాత కోస్టర్ హబ్బు బ్రాండు. ఆ ముఠాలో గేర్ల ఆలోచన రస్ మాన్‌ది. మారిన్‌వాళ్లు కళ్లారా చూశారు. తర్వాత ఆ క్యూపర్టినో కుర్రాళ్లు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు, వాళ్ల ఊసే వినిపించలేదు. చాలా ఏళ్లకు బ్రీజే వాళ్లను వెతికి పట్టుకున్నాడు, వాళ్ల పని చరిత్రలోకి ఎక్కింది.

ఎవరు ముందైనా, బిగించడం మాత్రం తేలిక కాదు. ఒంటి గేరు హబ్బు కోసం చేసిన వెనక ఫోర్కులో అయిదు పళ్లచక్రాలు, డ్రమ్ము కలిసి పట్టవు. ఫోర్కు చెవుల్ని లాగి వెడల్పు చేయాలి, మళ్లీ చక్రం సూటిగా నిలిచేలా చూడాలి. అమెరికన్ సైకిళ్ల క్రాంకు రెండు చేతులూ కలిసి ఒకే కడ్డీగా వంచి చేసింది. అది దూరడానికి ఫ్రేములో పెద్ద గుండ్రటి రంధ్రం ఉంటుంది. అందులో సన్నటి యూరోపియన్ ఇరుసు కూర్చోబెట్టాలంటే మధ్యలో వేరే బిళ్లలు కావాలి. సైకిల్ లివరు పొట్టిది, గట్టిగా నొక్కితే వంగుతుంది. అందుకే మోటార్‌సైకిల్ లివరు, దానితో పాటు లావుపాటి బ్రేకు తీగ. చేతులు హ్యాండిల్ వదలకుండా గేరు మారాలి కనుక బొటనవేలి మీట. ఇద్దరి బరువును ఆపడానికి చేసింది కనుక టాండెమ్ డ్రమ్ము. ప్రతి సామాను వెనకా దానికి ముందు విరిగినదో, కాలినదో ఇంకో సామాను ఉంది. కాగితం మీద గీత గీసి మొదలుపెట్టినవాడెవడూ లేడు. నన్నడిగితే ఈ కథలో అసలు తెలివంతా అక్కడే ఉంది. ఏ దుకాణం అటకమీద ఏముందో తెలిసినవాడే వీళ్లలో ఇంజనీరు.

అయిదు డాలర్ల ఫ్రేములు ఎన్నాళ్లని దొరుకుతాయి? దొరికినవి రీప్యాక్‌లో విరుగుతున్నాయి. 1977లో కెల్లీ అడిగితే బ్రీజ్ కొత్త ఫ్రేము చేయడానికి ఒప్పుకున్నాడు. అతనికి ఫ్రేముల పని వచ్చు, తండ్రికి యంత్రాల వర్క్‌షాపు ఉండేది. క్రోమ్-మాలిబ్డినం ఉక్కు గొట్టాలతో, ముందు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా పక్కగా సాగే రెండు అదనపు గొట్టాలతో, బ్రీజర్ తయారైంది. అన్నీ కొత్త సామాన్లతో ఇందుకోసమే కట్టిన మొదటి కొండ సైకిలుగా దీన్నే చెబుతారు. మొదటిది ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ దగ్గరుంది. బరువు 38 పౌండ్లు, అంటే 17 కిలోలు. కొత్త ఫ్రేమే గానీ, ఆకారానికి ఒరవడి మాత్రం ఆ పాత ఎక్సెల్సియరే.

తర్వాతిది వ్యాపారం, అది వేగంగా నడిచింది. 1979లో టామ్ రిచీ అనే కుర్రాడు ఫ్రేములు చేసి ఎవరికి అమ్మాలో తెలియక ఫిషర్‌ని అడిగాడు. ఫిషర్, కెల్లీ జేబులో ఉన్న కొద్దిపాటి డబ్బుతో 'మౌంటెన్‌బైక్స్' అనే కంపెనీ తెరిచారు. ఆ పేరు మీద హక్కు నిలబెట్టుకోలేకపోయారు, అది ఊరందరి పేరైపోయింది. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపాన్‌లో చేయించిన స్టంప్‌జంపర్‌ను 750 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అంతటితో గ్యారేజీల రోజులు ముగిశాయి. 90లలో మన కుర్రాళ్లు ముచ్చటపడి కొనిపించుకున్న రేంజర్ సైకిలు, దాని బొద్దు టైర్లు, తిన్నటి హ్యాండిల్ అంతా ఈ గాలి ప్రభావమే. ఎక్సెల్సియర్ ఫ్రేముల్ని కన్న ష్విన్ 1978లో క్లంకర్ 5 అనే మోడల్ తెచ్చి కొద్దికాలానికే ఆపేసింది. 1992లో దివాలా పిటిషన్ వేసింది.

ఇక చక్రం కొలత సంగతి ఒకటి మిగిలింది. 26 అంగుళాలు. కొండకు అదే సరైన కొలత అని ఎవరూ లెక్క కట్టలేదు. తుక్కు ఫ్రేముల్లో పట్టేది ఆ చక్రమే. గరుకు పళ్ల లావు టైర్లు దొరికిందీ ఆ సైజులోనే కనుక బ్రీజర్‌కూ అదే, రిచీ ఫ్రేముకూ అదే, స్టంప్‌జంపర్‌కూ అదే. జపాన్, తైవాన్ ఫ్యాక్టరీల్లో అచ్చులు దానికే తయారయ్యాయి. మధ్యలో ఒకసారి మారిపోబోయింది కూడా. 1980ల మొదట్లో ఇంగ్లండ్ నుంచి జెఫ్ ఆప్స్ అనే ఆయన ఫిన్లండ్ మంచుదారుల కోసం చేసిన పెద్ద టైర్లు ఫిషర్‌కూ కెల్లీకీ పంపాడు. రోడ్డు సైకిల్ రిమ్ముకు పట్టే పెద్ద సైజు అది. తొక్కి చూసి మెచ్చుకున్నారు. కానీ కావలసినన్ని టైర్లు సరఫరా కాలేదు, ఇద్దరూ 26కే తిరిగొచ్చారు. తర్వాత 1999లో ఆ రిమ్ముకు సరిపోయే లావు టైరు ఒకటి తయారైంది. 2000ల మొదట్లో ఫిషర్ పేరున్న బ్రాండు 29 అంగుళాల సైకిళ్లు అమ్మడం మొదలుపెడితే చాలామంది నవ్వారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పురుషుల మౌంటెన్ బైక్ పందెం గెలిచిన చెక్ దేశస్థుడు యారోస్లావ్ కుల్హావీ తొక్కింది 29 అంగుళాల చక్రాల బండి. ఒక్క సెకను తేడాతో రెండోస్థానానికి పరిమితమైన స్విస్ పోటీదారు నీనో షుర్టర్‌ది 27.5.