విజయవాడ కృష్ణా తీరం: నిర్మాణాలు, పర్యవసానాలు

విజయవాడ దగ్గర కృష్ణ ఒడ్డు రూపురేఖలు ఆనకట్టతో మారాయి. ఆర్థర్ కాటన్ ప్రతిపాదించిన ఆ కట్టడాన్ని చార్లెస్ ఓర్ 1852-55 మధ్య ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ నిర్మించాడు. ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ఊళ్లోంచే డెల్టాకు సాగాయి. 1952 వరదకు ఆనకట్టకు గండి పడడంతో 1957 నాటికి 70 గేట్ల ప్రకాశం బ్యారేజి వచ్చింది.

బ్యారేజి దిగువన ఏడాదిలో చాలా నెలలు ఇసుక తేలి ఉండే మేటల మీదికి ఊరు జరిగింది. కృష్ణలంక, రాణిగారితోట, తారకరామానగర్‌లలో కూలీలు, రిక్షా కార్మికులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు గూడు కట్టుకున్నారు. పనికి దగ్గరగా మరెక్కడా జాగా కొనలేక వచ్చినవాళ్లను ఆక్రమణదారులని తేల్చెయ్యడం అన్యాయం. గేట్లెత్తారని మైకులో చెప్పగానే రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, గ్యాస్ బండ పట్టుకుని మెరక చోటికి పరుగెత్తడం వాళ్లకు అలవాటైన పని. 2009 అక్టోబరు వరద ఈ పేటలను ముంచేసింది.

ఆ తర్వాత యనమలకుదురు నుంచి పద్మావతి ఘాట్ దాకా విడతలుగా రక్షణ గోడ లేచింది. 2016 పుష్కరాలకు ఘాట్లు కాంక్రీటుతో విస్తరించాయి. 2024 మార్చిలో గోడ పక్కన పార్కు తెరిచారు. అదే ఏడాది సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. గోడ నిలబడింది, కృష్ణలంక గట్టెక్కింది. ఇది చిన్న మేలు కాదు.

అయితే అవే రోజుల్లో నగరంలోని సింగ్‌నగర్ నడుంలోతు నీళ్లలో ఉంది. ముంచింది కృష్ణ కాదు, బుడమేరు అనే వాగు. వెలగలేరు దగ్గర దాన్ని మళ్లించి ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలో కలిపే కాలువకు గండ్లు పడ్డాయి. కృష్ణ నిండుగా ఉంటే ఆ నీటిని తీసుకోలేదు. బుడమేరు పాత దారిలోనేమో ఇళ్లు వెలిశాయి. నదికి గోడ కట్టిన నగరం ఏరుకు దారి విడవలేదు. దిగువన లంకల్లో పసుపు, అరటి, కంద తోటలు మునిగాయి. వాటికి ఏ గోడా లేదు.

ఎగువన కరకట్ట లోపలి కట్టడాలపై వివాదం నడుస్తూనే ఉంది. అలా కట్టిన ప్రభుత్వ సమావేశ మందిరం, ఉండవల్లిలోని ప్రజావేదికను 2019 జూన్‌లో కూల్చారు. అదే ఏడాది ఏప్రిల్‌లో నదిలో అక్రమ ఇసుక తవ్వకాలపై జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్రాన్ని 100 కోట్ల రూపాయలు జమచెయ్యమంది. వీటన్నిటికంటే తక్కువ చర్చకొచ్చేది మురుగు. నగరం విడిచే మురుగు కలుస్తున్న కాలువల నీళ్లతోనే వేసవిలో డెల్టా పల్లెలు మంచినీటి చెరువులు నింపుకుంటున్నాయి.