నొప్పుల్లో పెట్టిన సంతకం

నమీబియాలో హెచ్‌ఐవితో జీవిస్తున్న ముగ్గురు స్త్రీలు కాన్పుకోసం ప్రభుత్వాసుపత్రులకు వెళ్లారు. సిజేరియన్‌తోపాటే ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ జరిగిపోయింది. అంగీకార పత్రాల మీద వాళ్ల సంతకాలున్నాయి. సాహిత్య పరిశోధకురాలిని కనక ఆ కేసులో నా దృష్టి ముందు పత్రాల భాష మీదికే పోయింది. ట్యూబులు కత్తిరించడానికి అక్కడున్న పేరు 'బీటీఎల్'. మూడే పొడి అక్షరాలు. నొప్పులు పడుతున్న మనిషికి వాటిని విప్పి చెప్పేదెవరు?

తెలుసుకుని, ఆలోచించుకుని, స్వేచ్ఛగా ఒప్పుకుంటేనే అది సమ్మతి అని 2012లో హైకోర్టు తీర్పునిచ్చింది. 2014లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అయితే హెచ్‌ఐవి ఉన్నందుకే ఇలా చేశారన్న వాదన మాత్రం రుజువు కాలేదని హైకోర్టు అంది. ఆ వివక్ష ఏ పత్రంలో రాసి ఉంటుంది?

కాపర్‌-టీ, ఇంప్లాంటు తీయించుకోవచ్చు. ఈ ఆపరేషన్ శాశ్వతం. తానే కోరుకున్న స్త్రీకి అది విముక్తి. అడగకుండా చేస్తే శిక్ష.