జాబితా అడిగే మనిషి

గతించిన మహనీయులను వర్తమానంలోకి రప్పించి సాక్ష్యం చెప్పించడం మన రాజకీయ చర్చలకు పాత అలవాటు. గాంధీజీ నేడు ఉంటే ఏమనేవారు, పటేల్ చూస్తే ఎంత మథనపడేవారు, అంబేద్కర్ ఎవరిని నిలదీసేవారు అంటూ ప్రతి పక్షమూ వారిని పిలుస్తుంది. వచ్చినవారు, విచిత్రంగా, పిలిచినవారి మాటే పలికి వెళ్తారు. ఒక మనిషిని మన కాలానికి తీసుకురావాలంటే అతడు తన కాలంలో ఏ పని చేశాడో, ఏ చిక్కులతో పెనుగులాడాడో ముందుగా తెలిసి ఉండాలి. ఆ లెక్కన నేను రప్పించదలచినది చర్చల్లో ఎవరూ పెద్దగా తలవని ఒక అధికారిని. ఆయన స్వతంత్ర భారత తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్.

లండన్‌లో గణితం చదివి ఐసీఎస్‌లో చేరిన సేన్, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా ఉండగా 1950 మార్చిలో ఈ బాధ్యత స్వీకరించారు. అప్పటికి 21 ఏళ్లు నిండిన వయోజనులు 17 కోట్లకు పైచిలుకు. 1951 జనగణన ప్రకారం దేశ అక్షరాస్యత 18 శాతం మాత్రమే. చదవలేని ఓటరు తన అభ్యర్థిని ఎలా గుర్తుపట్టాలి? ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె కేటాయించి, దానిపై గుర్తు అంటించారు. ఓటరు కాగితంపై ఏ ముద్రా వేయనక్కరలేదు. తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో దాన్ని జారవిడిస్తే చాలు. హిమాచల్‌లోని చినీ గ్రామానికి మంచు కురిసి దారులు మూసుకుపోక ముందే, 1951 అక్టోబరు 25న పోలింగ్ ఆరంభించారు. మిగిలిన దేశంలో ఆ క్రతువు 1952 ఫిబ్రవరి దాకా సాగింది.

ఇటువంటి మనిషిని 2024లో ఒక పోలింగ్ కేంద్రానికి తీసుకువెళితే ఎలక్ట్రానిక్ యంత్రాన్ని చూసి నోరు తెరుస్తారని మనం ఊహిస్తాం. నాకు ఆ నమ్మకం లేదు. పనివారు పనిముట్లను చూసి అంతగా ఆశ్చర్యపోరు. తన పెట్టెల పద్ధతిలోని లోపం ఆయనకు తెలియనిది కాదు. ముద్రలేని కాగితాన్ని పెట్టెలో వేయకుండా బయటకు తెచ్చి అమ్ముకోవచ్చు. ఆ పద్ధతి 1957 ఎన్నికలతోనే దాదాపు అంతరించింది. వీవీప్యాట్ అద్దం వెనుక 7 సెకన్లపాటు కనిపించి రాలిపోయే చీటీని చూపితే, యంత్రం వచ్చాక కూడా కాగితం తిరిగి రావలసి వచ్చిందన్నమాట అని తల పంకించేవారేమో.

ఓడినవారి అనుమానమూ ఆయనకు కొత్త కాదు. పాతకాలంలో అందరూ ఫలితాలను తలవంచి స్వీకరించారన్నది మనం కల్పించుకున్న స్వర్ణయుగం. ఉత్తర బొంబాయిలో ఓడిన అంబేద్కర్ అశోక్ మెహతాతో కలిసి ఆ ఫలితాన్నే సవాలు చేశారు. అదే ఎన్నికల్లో, సాయుధ పోరాటం విరమించిన కొద్ది నెలలకే, నల్గొండ ఓటర్లు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ అభ్యర్థి రావి నారాయణరెడ్డికి నెహ్రూకు వచ్చినవాటికంటే ఎక్కువ ఓట్లు వేశారు. హైదరాబాద్ రాష్ట్రంలో నిషేధానికి గురైన పార్టీ నాయకుడు ఆ విధంగా పార్లమెంటుకు వెళ్లారు.

సేన్ నిజంగా ఆగి చూసే దృశ్యం మహిళల వరుస. తొలి జాబితా తయారీలో, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాలలో, లక్షల మంది స్త్రీలు గణకులకు తమ పేరు చెప్పలేదు. ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి అని మాత్రమే రాయించారు. పేరు లేని ఓటరు ఉండరాదని సేన్ పట్టుబట్టారు. బిహార్‌కు నెల గడువు పొడిగించారు. అయినా సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు, నిజానికి పేర్లు కానివి, జాబితాలోంచి తొలగిపోయాయి. ఇప్పుడు కలవరపడితే వచ్చే ఎన్నికలనాటికి వారే పేరుతో వస్తారన్నది ఆయన ఆలోచన. కఠినమైన నిర్ణయమే. దాన్ని నేటికీ పూర్తిగా మెచ్చుకోలేను, పూర్తిగా తప్పుపట్టలేను. 2024లో ఓటేసిన 64 కోట్ల మందిలో మహిళలు 31 కోట్లు దాటారు. 2025 నవంబరులో బిహార్ శాసనసభ ఎన్నికల్లో మహిళల పోలింగ్ 71 శాతం దాటగా పురుషులది 63 శాతం చేరలేదు. నాడు గడువు పొడిగించిన బిహారే ఇది.

అయితే అదే బిహార్‌లో ఆయన మరొకటి కూడా అడుగుతారు. జాబితా చూపించమంటారు.

2025 జూన్‌లో ఎన్నికల సంఘం అక్కడ ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణకు ఆదేశించింది. 2003 జాబితాలో పేరు లేనివారు 11 పత్రాలలో ఏదో ఒకటి చూపాలన్నది. ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. మరణించినవారు, వలసపోయినవారు, రెండు చోట్ల నమోదైనవారు అని సంఘం వివరణ. తొలగించినవారి పేర్లను కారణాలతో సహా ప్రకటించమని సుప్రీంకోర్టు ఆగస్టు 14న చెప్పవలసి వచ్చింది. ఆధార్‌ను 12వ పత్రంగా అంగీకరించమని సెప్టెంబరులో మరో ఆదేశం ఇవ్వవలసి వచ్చింది.

28 లక్షల పేర్లు తీసివేసిన అధికారి, 65 లక్షలు తీసివేశారని విని ఉలిక్కిపడరు. జాబితా శుద్ధి అవసరమని ఆయనకంటే బాగా ఎరిగినవారు లేరు. ఆయన్ను నిలిపివేసేది రుజువు భారం ఎవరి భుజాన ఉందన్న ప్రశ్న. తొలి జాబితా పని సేన్ రాకకు ముందే, 1948లో, రాజ్యాంగసభ సచివాలయం ఆదేశాలతో మొదలైంది. అప్పటికి పౌరసత్వ నిబంధనలు అమలులోకి రాలేదు. దేశవిభజనతో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన శరణార్థులు లక్షలలో ఉన్నారు. ఫలానా ఊళ్లో స్థిరపడదలచామని వారు ప్రకటన రాసిస్తే చాలు, అక్కడ ఎంతకాలంగా ఉంటున్నారని అడగకుండా చేర్చుకోవాలన్నారు. పత్రాలు అడిగితే ఏమి చూపగలరు? దగ్ధమైన ఇంటి దస్తావేజులా? నవజాత రాజ్యం, భయపడటానికి సకల కారణాలూ ఉన్న రాజ్యం, మాటను నమ్మింది. గణకుణ్ణి గడప దగ్గరకు పంపింది.

ఇక అంబేద్కర్‌ను కూడా వెంట తీసుకువెళితే, ఆయన ఆశ్చర్యం ఇంకా తక్కువగా ఉంటుంది. 1949 జూన్‌లో రాజ్యాంగసభలో ఎన్నికల సంఘంపై చర్చ జరిగినప్పుడే, అయోగ్యుడో, ప్రభుత్వం చెప్పుచేతల్లో ఉండేవాడో ఆ పదవిలోకి రాకుండా ఆపే ఏర్పాటు ముసాయిదాలో లేదని ఆయనే ఒప్పుకున్నారు. ఉభయసభల సంయుక్త సమావేశంలో మూడింట రెండువంతుల ఆమోదం ఉండాలని శిబ్బన్‌లాల్ సక్సేనా కోరారు. సభ ఆ సవరణను స్వీకరించలేదు. నియామకాన్ని పార్లమెంటు చేసే చట్టానికి లోబడి రాష్ట్రపతికి వదిలేశారు. ఆ చట్టం రావడానికి 2023 డిసెంబరు దాకా పట్టింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఎంపిక సంఘంలో ప్రధాన న్యాయమూర్తి ఉండాలని చెప్పగా, చట్టం ఆయన స్థానంలో ప్రధాని నామినేట్ చేసే ఒక కేంద్రమంత్రిని కూర్చోబెట్టింది. ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వపక్షమే. మూడోవారు ప్రతిపక్ష నాయకుడు. ఆయన అసమ్మతిని నమోదు చేయవచ్చు, నియామకాన్ని ఆపలేరు.