నాలుగు తలల బొమ్మ

ఆ బొమ్మలో నాలుగు తలలుంటాయి. ఒకటి తెల్లవాడిది, ఒకటి పసుపు జాతివాడిది, ఒకటి అమెరికా ఎర్రవాడిది, ఒకటి ఆఫ్రికా నల్లవాడిది. పక్కన నాలుగు ముక్కల వివరణ. తెల్లజాతి ఐరోపాలోనూ, ఆసియాకు పడమటనూ, ఆఫ్రికాకు ఉత్తరానా, అమెరికాలోనూ ఉంటుందట. పసుపు జాతి ఆసియా తూర్పున, చైనా జపానుల్లో. ఎర్రజాతి ఒకప్పుడు అమెరికా అంతటా. నల్లజాతి ఆఫ్రికాలో, ఓషియానియా దక్షిణాన. అన్నిటిలోకీ లోపం లేని జాతి తెల్లదేనన్న మాట కూడా అందులోనే ఉంది, రెండు రెళ్లు నాలుగు అన్నంత మామూలుగా.

ఇది 1877లో అచ్చయిన ఫ్రెంచి బడి పుస్తకం, 'లె టూర్ ద లా ఫ్రాన్స్ పార్ దూజాన్‌ఫాన్'. ఇద్దరు పిల్లల ఫ్రాన్సు యాత్ర అని అర్థం. లొరేన్ నుంచి బయల్దేరిన ఆంద్రె, జూలియన్ అనే ఇద్దరు అనాథ అన్నదమ్ములు దేశమంతా తిరుగుతూ ఊళ్లూ పంటలూ వృత్తులూ గొప్పవాళ్ల చరిత్రలూ తెలుసుకుంటారు. అట్ట మీద రచయిత పేరు జి. బ్రూనో. అసలు రాసింది ఒగుస్తీన్ ఫుయే అనే ఆవిడ. 1901 నాటికి అరవై లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. ద్వేషంతో రాసిన పుస్తకం కాదిది. పిల్లల మీదా దేశం మీదా ప్రేమతో రాసింది. ఆ నాలుగు తలలు అంత తేలిగ్గా లోపలికి దూరిపోవడానికి కారణం కూడా అదేనేమో.

ఆ పుస్తకం వచ్చేనాటికి మన యానాం పరాసుల, అంటే ఫ్రెంచివాళ్ల, చేతికి చిక్కి నూట యాభై ఏళ్లు దాటింది. 1723లో వాళ్లు ఇక్కడ గిడ్డంగి పెట్టారు. మధ్యమధ్య ఇంగ్లీషువాళ్లు లాక్కున్నా మళ్లీ వాళ్లకే వచ్చింది. గౌతమీ గోదావరి ఒడ్డున ముప్పై చదరపు కిలోమీటర్ల నేల, చుట్టూ ఇంగ్లీషువాళ్ల మద్రాసు రాజధాని. ఇప్పుడు ఆ బొమ్మను యానాం కుర్రాడి కళ్లతో చూడండి. ఆసియాకు పడమర తెల్లవాళ్లు, తూర్పున పసుపువాళ్లు. మరి మధ్యలో ఉన్న గోదావరివాడు? వేలు పెట్టి వెతికితే వాడి తల ఎక్కడా దొరకదు. యానాంని ఏలే దేశం తన పిల్లలకు మనుషులందరినీ చూపించిన బొమ్మలో యానాం మనిషి లేడు.

బొమ్మలో లేడు గానీ ఓడల్లోకి మాత్రం బాగానే ఎక్కాడు. 1828లో 'లా తుర్కువాజ్' అనే ఓడ యానాం నుంచి 15 మంది కూలీలను బూర్బన్ దీవికి, అంటే ఇప్పటి రీయూనియన్‌కి తీసుకెళ్లింది. అక్కడి చెరకు తోటలకు మన దేశం నుంచి కూలీలు వెళ్లడం దాదాపు అప్పుడే మొదలు. రెండేళ్లు తిరిగేసరికి ఆ లెక్క వేలల్లోకి పోయింది. వాళ్లకు అక్కడ పడ్డ పేరు 'మల్బార్'. గోదావరి ఎక్కడ, మలబారు ఎక్కడ! బర్మాలోనూ అంతే, యానాం పక్కనున్న కోరంగి రేవు పేరే తెలుగు కూలీల జాతి పేరై కూర్చుంది. యానాంలోనూ మనుషులను గుంపులుగా విడదీయడం తప్పలేదు. 1884లో ఫ్రెంచి సర్కారు ఇక్కడి ఓటర్లను మూడు జాబితాలుగా విడదీసింది. ఐరోపావాళ్లు ఒకటి, సొంత కులమత న్యాయాన్ని వదులుకుని ఫ్రెంచి చట్టం కిందికి వచ్చిన 'రెనోన్సాన్'లు ఒకటి, మిగతా జనమంతా ఒకటి.

యానాం ఎల్లదాటి మద్రాసు రాజధానిలోకి అడుగుపెడితే ఇంకో పుస్తకం ఎదురవుతుంది. హెలెన్ బానర్‌మన్ ఎడింబరో మనిషి. భర్త సైనిక వైద్యశాఖలో డాక్టరు. 1898లో కొడైకెనాల్ నుంచి మద్రాసు వచ్చే రైల్లో కూర్చుని, కొండ మీద వదిలి వచ్చిన కూతుళ్ల కోసం ఒక కథ అల్లి, బొమ్మలు కూడా తనే వేసింది. మరుసటేడు లండన్‌లో 'ది స్టోరీ ఆఫ్ లిటిల్ బ్లాక్ సాంబో' పేరుతో అచ్చయింది. ఎర్రకోటు వేసుకుని, ఆకుపచ్చ గొడుగు పట్టుకుని అడవికెళ్లిన కుర్రాడి దగ్గర పులులు అన్నీ లాక్కుంటాయి. నాకంటే నాకని చెట్టు చుట్టూ పరిగెత్తి పరిగెత్తి కరిగి నెయ్యవుతాయి. ఆ నేతితో అమ్మ అట్లు పోస్తే సాంబో ఒక్కడే 169 తింటాడు. సంక్రాంతికి కొత్తల్లుడు కూడా అన్ని తినలేడు.

పులి మనది, నెయ్యి మనది, బజారు మనది. కుర్రాడు మాత్రం మనవాడు కాడు. తల్లి బ్లాక్ మంబో, తండ్రి బ్లాక్ జంబో. సాంబో అన్నది అమెరికాలో నల్లవాళ్లను వెక్కిరించే పేరు. ఫ్రెంచి పుస్తకం మన తలను ఖాళీగా వదిలేస్తే ఈవిడ మన ఊరిని ఉంచుకుని తలకాయ మార్చేసింది. అసలు అనర్థం తర్వాత జరిగింది. హక్కులు ఐదు పౌండ్లకు అమ్మేసుకుంది గనక పుస్తకం మీద ఆవిడకు పట్టు లేకుండా పోయింది. అమెరికాలో ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు లావు పెదాలూ గుడ్లప్పగించిన కళ్లూ వేసి అచ్చేశారు. పత్తి చేల పిల్లలను ఎగతాళి చేసే బొమ్మ అయిపోయింది సాంబో. 1932లోనే కవి లాంగ్‌స్టన్ హ్యూస్ దీన్ని తప్పుపట్టాడు. 1996లో ఫ్రెడ్ మార్చెలినో అదే కథకు మళ్లీ మన దేశపు బొమ్మలు వేసి, కుర్రాడికి బాబాజీ అని పేరు పెట్టాడు. కథలో పెద్దగా మార్చిందేమీ లేదు. పేర్లు, ముఖాలు, అంతే.

వెక్కిరింత కంటికి కనబడుతుంది, లేకపోవడం కనబడదు. నాన్సీ లారిక్ అనే అమెరికా విద్యావేత్త 1962 నుంచి 64 దాకా వచ్చిన 5,206 పిల్లల పుస్తకాలను లెక్కవేసింది. నల్లవాళ్లు ఒక్కరైనా ఉన్నవి 349. నూటికి ఏడు కూడా లేవు. లెక్కవేసేదాకా ఎవరికీ అది లోటుగా తోచలేదు.

ఇంతవరకూ దొరల తప్పులు ఎంచడం సుఖంగానే ఉంది. 1954 నవంబరు 1న యానాం పాలన మన చేతికి వచ్చింది, మన పిల్లలకు మన పుస్తకాలు వచ్చాయి. అంతకుముందే, 1947 జూలైలో, నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో 'చందమామ' మొదలుపెట్టారు. 1967లో అనంత్ పాయ్ 'అమర్ చిత్ర కథ' వచ్చింది. వీటి మీద పెరిగినవాణ్ని గనక చెప్పడానికి నోరు రాదు. అయినా మన బొమ్మల కథల పాత ప్రతులు దులిపి ముందు వేసుకుంటే ఒకటే వరస. రాకుమారి గులాబిరంగు, రాజు గోధుమరంగు, రాక్షసుడూ బోయవాడూ కటిక నలుపు. మాటల్లో ఎక్కడా నల్లవాడు చెడ్డవాడని రాయరు. రాయనక్కర్లేదు, రంగు చెప్పేస్తుంది.

చిత్రమేమంటే మన పురాణాల్లో ఈ గొడవ లేదు. ద్రౌపదికి కృష్ణ అన్న పేరు వచ్చిందే ఒంటి నలుపు వల్ల. పోతన కృష్ణుణ్ణి వర్ణించబోతూ ముందుగా పట్టుకున్నదీ నలుపునే. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ద్రౌపది తెల్లబడుతుంది, కృష్ణుడు నీలమవుతాడు. నీలం వేస్తే దేవుడు, నలుపు వేస్తే అసురుడు.

పాత సంగతులని తోసేయడానికీ లేదు. 2020 జూన్‌లో పశ్చిమ బెంగాల్ బర్ధమాన్‌లో చిన్నపిల్లల అక్షరాల పుస్తకం ఒకటి బయటపడింది. యు అక్షరానికి 'అగ్లీ' అని రాసి, పక్కన నల్లటి మనిషి బొమ్మ వేశారు. ఇద్దరు టీచర్లను సస్పెండ్ చేశారు. కానీ ఆ బొమ్మ వేసిన చెయ్యి, అచ్చేసిన చెయ్యి, కొన్న చెయ్యి, అన్నీ దాటుకునే అది పిల్లల ఒళ్లోకి వచ్చింది.

అమెరికాలో క్రేయోలా కంపెనీ 1962లోనే తన రంగుపుల్లల్లో 'ఫ్లెష్' అన్న పేరు తీసేసి 'పీచ్' అని మార్చుకుంది. మన బళ్లలో బొమ్మల పోటీ పెట్టిన రోజున ఒకసారి పిల్లల మధ్య నిలబడి వినండి. "ఒరే, స్కిన్ కలర్ ఓసారి ఇవ్వరా!" ఇచ్చిన చెయ్యీ, పుచ్చుకున్న చెయ్యీ రెండూ చామనచాయే. పుల్ల లేత గులాబి.