రైలు పెంచిన ఊళ్లు, నడక మరచిన కాళ్లు

ఊరి ఆరోగ్యాన్ని ఆసుపత్రుల సంఖ్యతో కొలవడం మనకు అలవాటు. ఆ ఊరి వీధులు మనుషులను నడిపిస్తున్నాయా లేదా అన్నది కూడా ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నే. దానికి సమాధానం చరిత్రలో వెతకాలి.

మద్రాసు వంటి నగరాల్లో ట్రాము దారుల వెంట పేటలు పెరిగాయి. అక్కడ 1895లో మొదలైన విద్యుత్తు ట్రాములు 1953లో ఆగిపోయాయి. మన జనగామ, మహబూబాబాద్ ప్రాంతాలకు ట్రాము రాలేదు. ఇక్కడ ఆ పాత్రను రైలు పోషించింది. వాడి నుంచి 1874లో సికింద్రాబాదు చేరిన నిజాం రైలుమార్గం, 1886లో జనగామ మీదుగా వరంగల్ వరకు సాగింది. 1888లో డోర్నకల్ మీదుగా ఇల్లెందు బొగ్గుగనులకు, 1889లో బెజవాడకు చేరుకుంది. ఇల్లెందు బొగ్గు దారి చీలే చోటు కావడంతో డోర్నకల్ జంక్షన్ అయింది. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య తన పీఠాన్ని ఆ ఊరిలోనే నెలకొల్పారు.

రైలు పెంచిన ఊరి అమరికను గమనించండి. మూటలు మోసేది మనుషులు, ఎడ్లబండ్లు. కనుక గోదాములు, మిల్లులు, అంగళ్లు స్టేషనుకు దగ్గరలోనే వెలిశాయి. వేళగాని వేళల్లో పనికి వెళ్లే రైల్వే ఉద్యోగుల ఇళ్లూ పట్టాల పక్కనే ఉండేవి. బడి, బజారు, బండి అన్నీ కాలినడక దూరంలోనే. వ్యాయామం అనే మాట ఎరుగకుండానే ఆ తరం రోజూ వ్యాయామం చేసింది.

1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించింది. కాలక్రమంలో బస్సులు, లారీలు, ఆపై ద్విచక్రవాహనాలు పెరిగి వ్యాపారాన్ని పెద్దరోడ్డు వైపు లాగాయి. స్టేషను వీధుల సందడి తగ్గింది. వీధి చివరి కిరాణాకొట్టుకు సైతం బండి తీయడం మామూలైంది.

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. 2023లో అమృత్ భారత్ పథకం కింద జనగామ, మహబూబాబాద్ స్టేషన్ల నవీకరణ మొదలైంది. పాత పేటలకు ఇది మరో అవకాశం. కానీ పునరుద్ధరణ అంటే కొత్త ముఖద్వారం, పెద్ద పార్కింగు మాత్రమేనా? కాలిబాట, నీడనిచ్చే చెట్టు, వృద్ధులు నిర్భయంగా దాటగల రోడ్డు లేకపోతే భవనం కొత్తదవుతుంది. మనుషుల మోకాళ్లు, గుండెలు మాత్రం పాత తీరులోనే క్షీణిస్తాయి.

బొగ్గుగనుల అండతో పెరిగిన భూపాలపల్లికి రైల్వేస్టేషనే లేదు. అక్కడి వీధులకైతే మొదటినుంచే నడకను దృష్టిలో ఉంచుకోవడం అవసరం.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారంలో అయిదు రోజులు, రోజుకు అరగంట చురుకైన నడక. స్టేషనుకు, సంతకు, బడికి నడిచి వెళ్లే వీలుంటే ఇందులో చాలావరకు ఖర్చు లేకుండానే సమకూరుతుంది. మీ ఊరి అభివృద్ధి పనులపై మాట్లాడే అవకాశం వస్తే, వాహనాలకు ఎంత చోటు ఇస్తున్నారని మాత్రమే కాదు, పాదచారులకు ఎంత మిగిల్చారని కూడా అడగండి.